నెట్‌లో దొరికిన వింతలు – బోర్డెక్కించే ముందు ఒక్క మాట

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది డైనింగ్ హాలు గోడకున్న నల్లబోర్డు. దాని పైభాగంలో వార్డెన్ గారు ఆ రోజు హాజరు, మెనూ రాయించేవారు. కింద మిగిలిన రెండడుగుల జాగా మాది. దానికి మేం పెట్టుకున్న పేరు ‘నెట్‌లో దొరికినవి’. 2002 నుండి 2004 వరకు, అంటే నేను తొమ్మిది, పది తరగతులు చదివిన రోజుల్లో, వారానికో కొత్త వింత ఆ జాగాలో కనిపించేది.

చేతిలో ఫోన్ ఉన్న ఇప్పటి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది వింటే నవ్వొస్తుందేమో. బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకు 20 రూపాయలు, అరగంటకు 10. కాస్మెటిక్ ఛార్జీల్లో సబ్బుకు, నూనెకు పోగా మిగిలిన దాంట్లోంచి ఐదుగురం తలా 2 రూపాయలు వేసుకుని ఆదివారం మధ్యాహ్నం అరగంట ‘కొనుక్కునేవాళ్లం’. ఒకడు మౌస్ పట్టుకుంటే ఒకడు కీబోర్డు దగ్గర కూర్చునేవాడు. ఇద్దరు వెనక నిలబడి చదివేవాళ్లు. నోట్‌బుక్‌లో రాసుకునే పని నాది. బొమ్మ సగం వచ్చేసరికి టైం అయిపోయిన రోజులు ఎన్నో! రాత్రి భోజనానికి పళ్లేలు పట్టుకుని లైన్లో నిలబడ్డ పిల్లలందరూ బోర్డు చదివి నవ్వుకుంటుంటే మాకు పెట్టిన 10 రూపాయలూ గిట్టుబాటైనట్టు ఉండేది.

అలాంటి వింతలు కొన్ని మీతో పంచుకుంటాను. వాటితోపాటు నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్తాను. ఒక సరదా సంగతిని పదిమందికి చెప్పడంలో ఎంత ఆనందం ఉందో, అంత బాధ్యత కూడా ఉందని నాకు నేర్పింది ఆ తప్పే.

కాఫీ జాడీ మీద కెమెరా

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ లేబొరేటరీలో ట్రోజన్ రూమ్ అనే గది దగ్గర ఒక కాఫీ యంత్రం ఉండేది. వేరే అంతస్తుల్లో పనిచేసే వాళ్లు పాపం మెట్లన్నీ దాటి వచ్చేసరికి జాడీ ఖాళీ! విసిగిపోయిన పరిశోధకులు 1991లో ఆ జాడీకి ఎదురుగా ఒక కెమెరా బిగించారు. నలుపు తెలుపుల్లో, నిమిషానికి మూడు సార్లు మారే చిన్న బొమ్మ అది. ఎవరి కంప్యూటర్ దగ్గర వాళ్లు కూర్చునే జాడీలో కాఫీ ఉందో లేదో చూసుకోవచ్చు.

1993 నవంబరులో ఆ బొమ్మను వరల్డ్ వైడ్ వెబ్‌కు కలిపారు. అప్పటి నుండి ఎక్కడెక్కడి వాళ్లో, తాము ఎన్నడూ తాగబోని కాఫీ ఎంత మిగిలిందో చూడడం మొదలుపెట్టారు. ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్ కెమెరాగా దానికి పేరు వచ్చింది. 2001 ఆగస్టు 22న దాన్ని ఆపేశారు. ఆ పాత కాఫీ యంత్రాన్ని వేలం వేస్తే జర్మనీకి చెందిన ‘స్పీగెల్ ఆన్‌లైన్’ వారు 3,350 పౌండ్లకు కొనుక్కున్నారు.

ఈ సంగతి బోర్డు మీద రాసిన రాత్రి మా హాస్టల్లో ఒకటే చర్చ. సాంబారు డ్రమ్ముకు కూడా కెమెరా పెడితే అడుగున ముక్కలు ఎన్ని మిగిలాయో లైన్లోకి రాకముందే తెలిసిపోతుంది కదా అని!

పావురాల ఇంటర్నెట్

ఇంటర్నెట్ ఎలా నడవాలో చెప్పే నియమాలను ‘ఆర్.ఎఫ్.సి.’ అనే పత్రాలుగా, నంబర్లు వేసి ప్రచురిస్తారు. వాటిలో 1149వ పత్రం ఇంటర్నెట్ సమాచారాన్ని పావురాల కాళ్లకు కట్టి ఎలా పంపాలో వివరిస్తుంది. దూరం, వేగం, వాతావరణం, అన్నీ గంభీరంగా రాసి ఉంటాయి. అసలు కిటుకు తేదీలో ఉంది. అది వెలువడింది 1990 ఏప్రిల్ 1న!

కథ అంతటితో ఆగలేదు. 2001 ఏప్రిల్ 28న నార్వేలోని బెర్గెన్ నగరంలో కొందరు కంప్యూటర్ ప్రియులు నిజంగానే పావురాలతో ప్రయోగం చేశారు. నెట్‌లో సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా వెళ్తుంది. వాటిని ప్యాకెట్లు అంటారు. ఒక్కో ప్యాకెట్‌ను కాగితం మీద ముద్రించి, పావురం కాలికి చుట్టి వదిలారు. 9 ప్యాకెట్లు పంపితే 4 జవాబులు వచ్చాయి. ఒక్కో జవాబుకు దాదాపు గంట నుండి గంటా ముప్పావు దాకా పట్టింది. మా నెట్ సెంటర్ వేగం ఎరిగిన వాళ్లకు ఇదేమంత ఆలస్యం అనిపించలేదు.

నవ్వు గుర్తు ఎలా పుట్టింది?

ఇది మన నల్లబోర్డుకు చాలా దగ్గరి కథ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల మీద నడిచే ఒక నోటీసు బోర్డు ఉండేది. 1982 సెప్టెంబరులో అందులో ఒక సరదా చర్చ జరిగింది. లిఫ్టు తాడు తెగి కిందికి పడిపోతుంటే అందులోని పాదరసం బొట్టు ఏమవుతుంది అని. దాని మీద ఎవరో తమాషాకి, భౌతిక శాస్త్ర ప్రయోగం వల్ల ఒక లిఫ్టులో పాదరసం ఒలికింది, జాగ్రత్త అని హెచ్చరిక పెట్టారు. ముందు జరిగిన చర్చ చూడని కొందరు అది నిజమే అనుకున్నారు.

జోకును జోకు అని చెప్పడానికి ఏదైనా గుర్తు ఉండాలన్న మాట అప్పుడు వచ్చింది. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్‌మన్ అనే ఆచార్యుడు ఒక ఉపాయం చెప్పారు. రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్టు పక్కపక్కన పెట్టి, తల పక్కకు వంచి చూస్తే నవ్వు ముఖం! ఈ రోజు మనం ఫోన్లలో పంపే పచ్చని నవ్వు ముఖాలకు అది తాత వంటిది. ఆ మొదటి సందేశం చాలా కాలం దొరకలేదు. 2002లో పాత టేపులు వెతికి బయటికి తీశారు.

ఈ కథలో ఒక పెద్ద విషయం ఉంది మిత్రులారా. జోకు పుట్టిన చోట అందరికీ అది జోకేనని తెలుసు. అక్కడి నుండి రెండు ఇళ్లు దాటేసరికి నవ్వు గుర్తు దారిలో రాలిపోతుంది, మాట మాత్రం మిగులుతుంది. ఈ సూత్రం నాకు ఆ రోజుల్లో తెలియదు.

నేను కట్టిన గోడ

2003 నవంబరులో ఒక ఆదివారం నోట్‌బుక్‌లోంచి ఈ వాక్యం బోర్డు మీదికి ఎక్కించాను: ‘చంద్రుడి మీద నుండి కంటికి కనిపించే ఏకైక మానవ నిర్మాణం చైనా గోడ’. నెట్‌లో రెండు మూడు చోట్ల చూశాను, అది చాలనుకున్నాను. రంగు సుద్దలతో కింద ఒక చందమామ బొమ్మ కూడా వేశాను.

2004 జనవరిలో రిపబ్లిక్ డే సందర్భంగా మండల స్థాయి క్విజ్ పోటీ జరిగింది. మన హాస్టల్ తరఫున ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు వెళ్లాడు. వాడు బోర్డు మీద పడ్డ ప్రతి వింతనూ తన నోట్‌బుక్ చివరి పేజీల్లో ఎక్కించుకునేవాడు. ఆఖరి ప్రశ్న దాకా ఇద్దరు సమానంగా ఉన్నారట. మొదటి బహుమతి పెద్ద ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. మన హాస్టల్లో అలాంటిది ఎవరి దగ్గరా లేదు. ఆఖరి ప్రశ్న చైనా గోడ చంద్రుడి మీద నుండి కనిపిస్తుందా, లేదా? తమ్ముడు గంట కొట్టి, కనిపిస్తుంది అని చెప్పాడు. తప్పు. అంతకు మూడు నెలల ముందే, 2003 అక్టోబరులో, చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్ అంతరిక్షంలోకి వెళ్లి వచ్చి, తనకు గోడ కనిపించలేదని చెప్పాడని క్విజ్ నడిపిన మాస్టారు వివరించారట.

రాత్రి స్టడీ అవర్ అయ్యాక తమ్ముడు నా ట్రంకు పెట్టె పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో రెండో బహుమతిగా వచ్చిన స్టీలు టిఫిన్ డబ్బా. ‘అన్నా, బోర్డు మీద రాసింది నువ్వే కదా’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మా సైన్సు మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు, చేతికి సుద్దముక్క ఇచ్చి లెక్క చేయమన్నారు. గోడ వెడల్పు సుమారు 6 మీటర్లు. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఈ నిష్పత్తి ప్రకారం చూస్తే, ఒక తల వెంట్రుకను నాలుగు కిలోమీటర్లకు పైగా దూరం నుండి చూడడంతో సమానం! గోడ వేల కిలోమీటర్ల పొడవుంది కదా అని అడిగాను. పొడవు ఎంతున్నా, కంటికి ఆనాలంటే వెడల్పు ఉండాలి, దూరంగా ఉన్న సాలెపోగు ఎంత పొడవైతే మాత్రం కనిపిస్తుందా అన్నారు. పైగా గోడ రంగు దాదాపు చుట్టూ ఉన్న నేల రంగే. నాలుగు వరుసల జాతీయ రహదారి దానికంటే వెడల్పుగా ఉంటుంది. చంద్రుడి దాకా ఎందుకు, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు నుండే గోడను ఉత్త కంటితో పోల్చుకోవడం చాలా కష్టం.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. రిప్లే అనే ఆయన ప్రచురించిన ప్రసిద్ధమైన వింతల శీర్షికలో ఈ మాట 1932కే ఉంది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. అంటే చంద్రుడి మీదికి ఎవరూ వెళ్లకముందే అక్కడి నుండి ఏం కనిపిస్తుందో చెప్పేశారన్నమాట!

ఆ ఆదివారం బోర్డు మీద కొత్త వింత రాయలేదు. ‘నవంబరులో ఇక్కడ రాసిన చైనా గోడ సంగతి తప్పు’ అని, మొదట రాసినంత పెద్ద అక్షరాలతోనే రాసి, లెక్క చూపించి, కింద నా పేరు పెట్టాను. పళ్లేలు పట్టుకున్న వాళ్లలో కొందరు కిసుక్కుమన్నారు. సిగ్గుతో అన్నం సరిగా తినలేకపోయాను. కానీ ఆ వారం నుండి ఒక కొత్త అలవాటు మొదలైంది. ఏది రాసినా పిల్లలు ‘అన్నా, ఇది నిజమా, గోడా?’ అని అడిగేవాళ్లు. అలా మన హాస్టల్ భాషలో అబద్ధపు వింతకు ‘గోడ’ అనే పేరు స్థిరపడింది.

గోడలు ఎలా లేస్తాయి?

ఇప్పుడు పాఠశాలలో భౌతిక శాస్త్రం చెబుతూ నేను గమనించింది ఏమిటంటే, ఈ గోడలు ముఖ్యంగా మూడు రకాలుగా లేస్తాయి.

మొదటిది, తమాషాగా పుట్టి నిజంగా చలామణీ అయ్యేవి. ‘డైహైడ్రోజన్ మోనాక్సైడ్’ అనే ప్రమాదకర రసాయనాన్ని నిషేధించాలని ఒక విజ్ఞప్తి చాలా ఏళ్లుగా నెట్‌లో తిరుగుతోంది. అది ఆమ్ల వర్షంలో ఉంటుంది, ఆవిరి రూపంలో తగిలితే కాలుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం పోతుంది. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. 1997లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 14 ఏళ్ల విద్యార్థి సైన్సు ప్రాజెక్టు కోసం దీన్ని 50 మంది తోటి విద్యార్థులకు చూపిస్తే, 43 మంది నిషేధించాల్సిందే అన్నారు. రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అంటే మంచినీళ్లు! పెద్దలు మాత్రం తక్కువ తిన్నారా? 2004లో కాలిఫోర్నియాలోని అలీసో వియెహో నగర పాలక మండలి ఈ ‘రసాయనం’ కారణంగా ఫోమ్ కప్పుల మీద ఆంక్ష పెట్టే ఆలోచనను ఎజెండాలో చేర్చి, తర్వాత నాలుక కరుచుకుంది.

రెండోది, నిజానికి తోక తగిలించినవి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్–2 అనే కంప్యూటర్ పనిచేయకపోతే విప్పి చూశారు. ఒక రిలేలో చిమ్మట పురుగు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. ఆ పేజీ ఈనాటికీ అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇంతవరకు పూర్తి నిజం. కంప్యూటర్ లోపాన్ని ‘బగ్’ అనడం అప్పుడే మొదలైందని తగిలించిన తోక మాత్రం గోడ. యంత్రాల్లోని లోపాన్ని ఆ మాటతో పిలవడం 1870ల్లో ఎడిసన్ నాటికే ఉంది. అసలు నిజంగానే పురుగు దొరికిందని వాళ్లు సరదాపడింది అందుకే.

మూడోది, మనకు గర్వం కలిగించేవి, కోపం తెప్పించేవి, భయపెట్టేవి. మన జాతీయ గీతం ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదని యునెస్కో ప్రకటించిందన్న సందేశం మీకూ వచ్చే ఉంటుంది. 2008లో అది ఇ–మెయిళ్లలో బాగా తిరిగింది. అలాంటి ప్రకటనేదీ తాము చేయలేదని యునెస్కో అప్పుడే చెప్పింది. జనగణమన గొప్పతనానికి ఎవరి సర్టిఫికెట్టు కావాలి చెప్పండి! అలాగే దీపావళి రాత్రి అంతరిక్షం నుండి నాసా తీసిన ఫోటో అంటూ రంగురంగుల భారతదేశం బొమ్మ ఒకటి ఏటా వస్తుంది. అది ఒక రాత్రి ఫోటో కాదు. వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ సమాచారాన్ని కలిపి, ఎప్పుడెప్పుడు ఎక్కడ కొత్తగా దీపాలు పెరిగాయో చూపడానికి రంగులు వేసిన పటం. అందులో నీలం 1992ను, ఆకుపచ్చ 1998ని, ఎరుపు 2003ను సూచిస్తాయి. 2012లో నాసా ఈ సంగతి వివరించి, దీపావళి వల్ల అదనంగా వచ్చే వెలుతురు అంతరిక్షం నుండి తేడా తెలిసేంత ఉండదని చెప్పింది.

గర్వం కలిగించే గోడతో పరువు పోతుందేమో. భయపెట్టే గోడతో ప్రాణమే పోతుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో సందేశాలు, వీడియోలు తిరిగాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కూడా ఏ పాపమూ ఎరుగని వాళ్లను కొత్త మొహాలన్న అనుమానంతో గుంపులు కొట్టాయి. ప్రాణాలు కూడా పోయాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. ఆ సందేశాలను ముందుకు పంపిన వాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు. జాగ్రత్త చెబుతున్నాం అనుకున్నారు. నేను బోర్డు మీద చందమామ బొమ్మ వేసినప్పుడు నేనూ మంచే చేస్తున్నాననుకున్నాను.

పంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు

1. మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? ‘శాస్త్రవేత్తలు కనుగొన్నారు’ అంటే చాలదు. ఏ శాస్త్రవేత్త, ఏ సంస్థ, ఏ సంవత్సరం అన్నది ఉండాలి. తేదీ ఏప్రిల్ 1 అయితే ఇంకో రెండుసార్లు చదవాలి.

2. సంబంధం లేని రెండో చోట ఉందా? ఒకే వాక్యం, అవే అచ్చుతప్పులతో పది చోట్ల కనిపిస్తే అవి పది సాక్ష్యాలు కావు. ఒకరి నోట్‌బుక్ చూసి పదిమంది ఎక్కించుకున్నట్టే. నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. ఫోటో అయితే గూగుల్ లెన్స్ వంటి వాటిలో పెట్టి, అదే బొమ్మ అంతకు ముందు ఎక్కడ వచ్చిందో వెతకవచ్చు. కంప్యూటరే బొమ్మలు, గొంతులు తయారుచేస్తున్న ఈ రోజుల్లో కళ్లారా చూశాననే మాట కూడా సరిపోదు.

3. లెక్క కుదురుతుందా? వెడల్పు, దూరం, జనాభా, కాలం, ఏది ఉంటే దానితో ఒక చిన్న లెక్క చేయండి. ఎనిమిదో తరగతి లెక్కలతోనే చాలా గోడలు కూలిపోతాయి.

4. ఇది నాకు ఎందుకింత నచ్చింది? చదవగానే గర్వమో, కోపమో, భయమో పొంగుకొచ్చి వేలు దానంతటదే పంపించే బొత్తాం మీదికి పోతుంటే, సరిగ్గా అక్కడే ఆగాలి. పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని బెదిరించేది ఏదైనా సరే మీ దగ్గరే ఆగిపోవాలి.

ఇన్ని ప్రశ్నలు వేసుకుంటే సరదా ఏముంటుంది అని మీరు అడగవచ్చు. కాఫీ జాడీ, పావురాలు, పాదరసం జోకు, ఈ నాలుగు ప్రశ్నలకూ నిలబడినవే. నిలబడ్డాక వాటి రుచి ఇంకా పెరిగింది. ప్రపంచంలో నిజమైన వింతలకు కొరత లేదు.

చివరగా ఒక కోరిక

నాడు టిఫిన్ డబ్బాతో తిరిగొచ్చిన తమ్ముడు నేడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. నేను ఏదైనా వింత పంపితే ఇప్పటికీ వెంటనే జవాబు వస్తుంది: ‘అన్నా, గోడేమో చూశావా?’ కిందటి నెలలో ఒక వీడియో పంపాను. చూడలేదు. అది గోడే! ఇరవై ఏళ్లు దాటినా నాకు ఇంకా వాడి కాపలా అవసరం అవుతూనే ఉంది. మీకూ అలాంటి స్నేహితుడు ఒకరు ఉండాలి. మీరు ఇంకొకరికి అలాంటి స్నేహితులు కావాలి.

తమ్ముళ్లారా, మీ ఫోన్లలో రోజుకు వంద వింతలు వస్తాయి. అయినా డైనింగ్ హాలు బోర్డు కింద ఆ రెండడుగుల జాగా ఇంకా ఉంటే, వారానికి ఒక్క వింత రాయండి. కింద అది ఎక్కడ దొరికిందో, ఏ తేదీదో రాసి మీ పేరు పెట్టండి. ఫోన్లో పంపిన మాట కింద మన పేరు ఎవరూ వెతకరు. బోర్డు మీద రాసిన వాడిని మాత్రం అన్నం లైన్లోనే పట్టుకుని అడుగుతారు. మనిషికి ఆ భయం కొంచెం ఉండడం మంచిది. తప్పని తేలితే అంతే పెద్ద అక్షరాలతో దిద్దండి. ఆ రోజు అన్నం సహించకపోయినా, మర్నాటి నుండి మీ మాటకు విలువ పెరుగుతుంది.

హాస్టల్ వార్షికోత్సవ సందర్భంగా మీ అందరికీ నా శుభాకాంక్షలు.

– ఒక పూర్వ విద్యార్థి, 2004 పదో తరగతి బ్యాచ్